ఆపరేషన్ తర్వాత మంచం దిగేటప్పుడు

పొట్ట ఆపరేషన్ అయి ఇంటికొచ్చినవాళ్లకి మొదట్లో మంచం మీంచి లేవడమే పెద్ద పని. వెల్లకిలా ఉండి తిన్నగా లేవబోతే భారమంతా కుట్ల మీదే పడుతుంది. ముందు మోకాళ్లు మడిచి, భుజాలూ నడుమూ ఒకేసారి కదిలేలా పక్కకి ఒత్తిగిలండి. కాళ్లు మంచం కిందికి జారుస్తూ, కిందున్న మోచేతినీ రెండో అరచేతినీ పరుపుకి నొక్కి లేవండి. కూర్చోగానే నిలబడొద్దు. ఒకట్రెండు నిమిషాలు పాదాలు ఆడించి, తల తిరగడం లేదనుకున్నాకే లేవండి. గుండె ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం చేతుల మీద బరువు వేయకూడదు, ఆసుపత్రిలో నేర్పినట్టే లేవాలి.

మా అమ్మ కుట్లు ఊడిపోతాయేమోనని దగ్గు ఆపుకునేది. కఫం లోపలే ఉండిపోతే ఊపిరితిత్తులకి ఇన్ఫెక్షన్ రావచ్చు. చిన్న దిండు కుట్ల మీద పెట్టి రెండు చేతులతో అదిమి పట్టుకుని దగ్గమన్నాను. ఆ తర్వాత బాత్రూముకి వెళ్లినా దిండు చంకలోనే!

జ్వరం 100.4 డిగ్రీలకి చేరినా, కుట్ల దగ్గర చీము కనిపించినా డాక్టరుకి ఫోన్ చేయండి. ఒక్క కాలి పిక్క వాచి నొప్పెడుతున్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా తెల్లారేదాకా చూడొద్దు, అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.