డేవిడ్ లీన్ సినిమాలు ఏ వరసలో చూడాలి?

బ్రిటిష్ దర్శకుడు డేవిడ్ లీన్‌ని మొదలుపెడుతూనే 'లారెన్స్ ఆఫ్ అరేబియా' పెట్టేయకండి. అది మూడున్నర గంటల పైనే ఉంటుంది, ఆయన పనితనం తెలిశాక చూస్తేనే దాని రుచి.

ముందు 1945 నాటి 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' చూడండి, గంటన్నర కూడా ఉండదు. రైల్వే స్టేషన్ టీ గదిలో ఒకతనూ ఒకామే కూర్చుని ఉంటారు, ఎవరో వాగుడుకాయ వచ్చి మధ్యలో కూర్చుంటుంది, అతను ఆమె భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి వెళ్లిపోతాడు. అంతే. సినిమా చివర్లో అదే సీన్ మళ్లీ వస్తుంది, అది వాళ్ల ఆఖరి వీడ్కోలని ఈసారి మనకి తెలుసు, ఆ చెయ్యి చూస్తే గుండె బరువెక్కిపోతుంది.

లీన్ డైరెక్టర్ కాకముందు ఎడిటర్. అందుకే కథ కంటే ముందు కట్ (ఒక షాట్ ఆగి ఇంకోటి మొదలయ్యే చోటు) ఎక్కడ పడుతోందో గమనించండి.

తర్వాత 1946 నాటి 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్', ఆపైన 1957లో వచ్చిన 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్'. ఇప్పుడు 'లారెన్స్' (1962), దొరికినంత పెద్ద తెర మీద, ఫోన్‌లో మాత్రం వద్దు. వెలుగుతున్న అగ్గిపుల్లని ఊదగానే ఎడారిలో సూర్యోదయం వచ్చే ఆ కట్‌ని (ఎడిటర్ ఆన్ కోట్స్) రెండుసార్లు వెనక్కి తిప్పి చూడండి.

1970లో 'ర్యాన్స్ డాటర్'ని విమర్శకులు ఉతికేశాక 14 ఏళ్లు ఆయన సినిమా రాలేదు. చివరిది 'ఎ ప్యాసేజ్ టు ఇండియా', 1984. దాని ఎడిటింగ్ ఆయనదే.