తొండను చూసి పరిణామాన్ని చదవడం ఎలా

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని సామెత. జంతుశాస్త్రం చెప్పే నాకు ఏటా తరగతిలో దానితోనే పోరు. ఏ తొండా ముదిరి ఇంకొకటి కాదు. కొన్ని తొండలు గుడ్లు పెట్టి పోతాయి, కొన్ని పెట్టకముందే పోతాయి. ఏవి మిగలాలో అక్కడి తిండి, ఎండ, శత్రువులు తేలుస్తాయి. ఈ ఏరివేతే ప్రకృతి వరణం. దానితో తరతరాలుగా జాతిలో వచ్చే మార్పు పరిణామం. దీన్ని గమనించడానికి హైదరాబాదు బండలు చాలు.

ఎండలు ముదిరాక ఒక ఉదయం ఖాజాగూడ గుట్టలకు వెళ్లండి. జతకట్టే కాలంలో మగ బండతొండ వీపు ఎర్రగానో నారింజగానో మెరుస్తుంది, పక్కలు నల్లబడతాయి. బండ అంచున కూర్చుని తల ఆడిస్తుంది. ఆడది మచ్చల మట్టిరంగులో రాతిలో కలిసిపోతుంది, కదిలితే తప్ప కంటికి ఆనదు. మగదాని ఎరుపు ఆడదానికీ కనిపిస్తుంది, డేగకీ కనిపిస్తుంది. జత కోసం మెరవాలి, ప్రాణం కోసం దాగాలి. ఆ ఎరుపు నిమిషాల్లో మారడం మాత్రం పరిణామం కాదు. అలా మార్చుకోగల శక్తి తరతరాల ప్రకృతి వరణంలో వచ్చింది.

ఇప్పుడు పుస్తకం తీయండి. తొండవైపు ఒకే వేగంతో నడిచి, అది పారిపోయినప్పుడు మీకూ దానికీ మధ్య ఎన్ని అడుగులున్నాయో రాయండి. కాలిబాట పక్క బండ మీద కొన్నింటిని, మనుషులు తిరగని చోట కొన్నింటిని చూడండి. అది దూరే నెర్రె ఎంత దూరం, మబ్బుందా, పైన పక్షి ఉందా అన్నవీ చేర్చండి. బాట పక్కవి దగ్గరికి రానిస్తే మా పిల్లలు వెంటనే పరిణామం అంటారు. తొందరపడకండి, అది మనుషులకు అలవాటు పడటమే కావచ్చు. తేల్చాలంటే ఆ గుణం పిల్లలకు దిగుతుందని చూపాలి. అలాగని అనుమతి లేకుండా తొండల్ని పట్టుకోకండి.

రుజువంటే ఎలా ఉండాలో పసిఫిక్ సముద్రంలోని గలాపగోస్ దీవుల్లో జీవశాస్త్రవేత్తలు పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు చూపారు. డాఫ్నీ మేజర్ దీవిలో 1977 కరవుకు చిన్న గింజలు అయిపోయాయి. గట్టి గింజలు పగలగొట్టగల లావు ముక్కు ఫించ్‌లే (పిచ్చుకలాంటి చిన్న పక్షులు) ఎక్కువగా మిగిలాయి, వాటి పిల్లలకూ లావు ముక్కులే వచ్చాయి. 1983 భారీ వానల తర్వాత చిన్న గింజలు పెరిగి, మొగ్గు చిన్న ముక్కులవైపు తిరిగింది. ఏది ఏదో గుర్తుపట్టేలా పక్షుల కాళ్లకు కడియాలు వేసి, ముక్కులతో పాటు వానను, గింజలను కూడా కొలిచారు కాబట్టే ఈ కథ దొరికింది. అందుకే వాన లెక్క లేని పుస్తకం నేను దిద్దను.

వచ్చే ఏడు అదే నెలలో అవే బండలకు వెళ్లండి. ఈలోగా ఏదైనా బండను పేల్చి అపార్ట్‌మెంటు కట్టేస్తే ఆ తేదీ రాసుకుని, పక్క బండ మీద తొండలు పెరిగాయేమో లెక్కపెట్టండి.