రికార్డ్ నుంచి ప్రాజెక్ట్ దాకా: బీటెక్‌ని నిజాయితీగా పూర్తి చేయడం ఎలా

మూడో ఏడాది కాంక్రీట్ ల్యాబ్‌లో మాకు క్యూబ్ టెస్ట్ ఉండేది, అంటే కాంక్రీట్ ఎంత బరువు తట్టుకుంటుందో చూసేది. 150 మిల్లీమీటర్ల క్యూబ్, ఎం20 కాంక్రీట్, 28 రోజులు నీళ్ళలో ఉంచి తీసి మెషీన్‌లో పెట్టి నొక్కడం. మాది 380 కిలోన్యూటన్ల దగ్గరే పగిలింది. లెక్క వేస్తే చదరపు మిల్లీమీటరుకు 16.9 న్యూటన్లు, కనీసం 20 రావాలి. బ్యాచ్‌లో నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, సీనియర్ రికార్డ్ తెరిచి అందులో ఉన్న 610ని (లెక్క వేస్తే 27) దించేశాం, సంతకం కూడా అయిపోయింది. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ రికార్డ్ తిప్పుతూ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "ముందు పేజీలో స్లంప్ 150 అని రాశావు, ఇన్ని నీళ్ళున్న కాంక్రీట్‌కి 27 ఎలా వచ్చిందమ్మా?" స్లంప్, అంటే పచ్చి కాంక్రీట్ ఎంత జారుతుందో చూసే కొలత, మేం నిజంగా కొలిచింది, బలం అరువు తెచ్చింది. నా దగ్గర జవాబు లేదు. కలపడం తేలికవుతుందని మేమే రెండు మగ్గులు ఎక్కువ పోశాం, ఒక్కో పొరకి 35 పోట్లు పొడవాల్సిన రాడ్‌తో పది పొడిచి వదిలేశాం. ఆ రోజు నేర్చుకోవాల్సింది ఆ 16.9లోనే ఉంది, దాన్ని మా చేతులతో మేమే తీసేశాం.

ఇప్పుడు నగరం శివార్లలో ఒక సైట్‌లో క్వాలిటీ చూస్తాను, క్యూబ్‌లు పగలగొట్టడమే రోజూ పని. తక్కువ వచ్చిన రీడింగ్‌ని తక్కువగానే రాయగలగడం ఈ ఉద్యోగానికి ప్రాణం, ఎందుకంటే ఆ కాంక్రీట్ పోసిన స్లాబ్ కింద రేపు మనుషులు పడుకుంటారు. ఆ అలవాటు మొదలవ్వాల్సింది కాలేజీలోనే కాబట్టి, జూనియర్లు అడిగినప్పుడల్లా నేను చెప్పేవన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు రికార్డ్. రీడింగ్‌ని చిత్తు కాగితం మీద కాకుండా నేరుగా అబ్జర్వేషన్ బుక్‌లో పెన్నుతో రాయండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయండి, వైట్‌నర్ వద్దు, కొట్టేసింది కూడా కనబడాలి. డయల్ ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి. విలువ తేడాగా వస్తే అక్కడికక్కడే "సార్, ఇది తక్కువ వచ్చింది, ఎందుకో చూస్తారా" అని అడగండి, టైం ఉంటే మళ్ళీ చేయండి, లేకపోతే వచ్చిందే రాసి కింద కారణం రెండు లైన్లలో రాయండి. తేడాలు రావడం సహజమని కాంక్రీట్ ప్రమాణాల కోడ్ రాసినవాళ్ళకీ తెలుసు: మూడు క్యూబ్‌ల సగటు తీసుకోమని, ఏ ఒక్కటీ సగటుకి 15 శాతం మించి అటూ ఇటూ పోకూడదని ఐఎస్ 456లో ఉంది. మార్కులు కట్ చేసే సార్లు ఉంటారు, నిజమే. కానీ కారణం రాసిన తక్కువ రీడింగ్ మీద వైవాలో పది నిమిషాలు మాట్లాడొచ్చు, దించిన రీడింగ్ మీద పది సెకన్లు కూడా మాట్లాడలేం.

అసైన్‌మెంట్‌కి నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే. ఫ్రెండ్‌తో ఎంతసేపైనా చర్చించండి, బోర్డు మీద లెక్క చేయించుకోండి, కానీ రాసేటప్పుడు వాళ్ళ కాగితం ఎదురుగా ఉండకూడదు. ప్రోగ్రామింగ్ కోడ్‌కీ ఇదే. వేరియబుల్ పేర్లు మార్చేస్తే దొరకదనుకుంటారు చాలామంది. కాపీ కోడ్‌ని పట్టుకోవడానికి 1994లోనే తయారైన మాస్ అనే ప్రోగ్రామ్ చూసేది కోడ్ నిర్మాణాన్ని, పేర్లు మార్చినంత మాత్రాన దాని కంటపడకుండా పోదు. రాత్రి పదకొండింటికి "మామా, రికార్డ్ పంపు" అని మెసేజ్ వచ్చినప్పుడు కాదనడం కష్టమే, నాకూ తెలుసు. "పంపను మామా, పొద్దున్నే క్యాంటీన్‌కి రా, కూర్చుని చేసేద్దాం" అనండి, ఆ మాట అన్నాక నిజంగా వెళ్ళి కూర్చోండి.

ఇక అసలు సమస్య మేజర్ ప్రాజెక్ట్. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో నడిస్తే ప్రాజెక్టులు అమ్మేవాళ్ళ బోర్డులు మీకే కనబడతాయి, కోడ్, డాక్యుమెంట్, పీపీటీ, పైన వైవాకి ఎక్స్‌ప్లనేషన్ క్లాసు, అన్నీ కలిపి ఒక రేటు. అమీర్‌పేట మీద నాకు కోపం లేదు, అక్కడ కోర్సు నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. డబ్బు కట్టి నేర్చుకోవడంలో తప్పు లేదు. కానీ కొన్న ప్రాజెక్ట్ రిపోర్ట్ మొదటి పేజీల్లో డిక్లరేషన్ ఉంటుంది, ఒక్కసారి కూర్చుని చదవండి: ఇది నేనే చేశాను, ఇంకెక్కడా ఏ డిగ్రీకీ ఇవ్వలేదు అని ఉంటుంది, దాని కింద మీ సంతకం. మీరు రాసిచ్చేది అబద్ధపు పత్రం, అదే ప్రాజెక్ట్ పక్క కాలేజీలో ఇంకో బ్యాచ్ కూడా ఇస్తుండొచ్చు.

కొనాల్సిన అవసరం రాకూడదంటే చిన్నది ఎంచుకోండి. మీ కాలనీ దగ్గర జంక్షన్‌లో వారం రోజులు ఉదయం, సాయంత్రం వాహనాలు లెక్కపెట్టి సిగ్నల్ టైమింగ్ ఎలా ఉంటే బాగుంటుందో చెప్పండి. మీ అపార్ట్‌మెంట్ బోరు నీటిలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మోతాదు) నెలనెలా కొలవండి. మొదటి నెలలోనే గైడ్‌కి ఒక పేజీ చూపించండి, వారానికోసారి పది నిమిషాలు కలవండి. ప్రాజెక్టులు కొనే పరిస్థితి ఎక్కువగా వచ్చేది చివరి మూడు వారాల్లో, అప్పటిదాకా ఏమీ మొదలుపెట్టకపోవడం వల్ల.

గిట్‌హబ్ నుంచి కోడ్ వాడుకోవచ్చు, ముందు లైసెన్స్ ఫైల్ చూడండి. ఎంఐటీ లైసెన్స్ అయితే వాళ్ళ కాపీరైట్ నోటీసు, లైసెన్స్ పాఠం అలాగే ఉంచి వాడండి. జీపీఎల్ అయితే మీ ప్రోగ్రామ్‌ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు సోర్స్ కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. లైసెన్సే లేకపోతే హక్కులన్నీ రాసినవాళ్ళవే, అడిగి తీసుకోండి. రిపోర్ట్‌లో ఇలా రాస్తే చాలు: "లాగిన్ భాగం ఫలానా రిపాజిటరీ నుంచి తీసుకున్నాం, డేటా సేకరణ, లెక్కలు, గ్రాఫులు మేం చేసినవి." ఇది చదివి ఎవరూ మిమ్మల్ని చిన్నచూపు చూడరు.

సిమిలారిటీ శాతం, అంటే మన రిపోర్ట్‌లో ఎంత భాగం వేరేచోట ఉన్నదానితో కలుస్తుందో సాఫ్ట్‌వేర్ చూపే లెక్క, దాని గురించి టెన్షన్ పడేవాళ్ళు ఎక్కువ. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు శిక్ష లేదని, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దని ఉన్న మాట వాస్తవం, అయితే అవి పీజీ, పరిశోధన స్థాయి థీసిస్‌లకి. అసైన్‌మెంట్లు, ప్రాజెక్ట్ రిపోర్టులు వాటి పరిధిలోకి రావు, మీ కాలేజీ ఏం పెట్టిందో గైడ్‌ని అడగండి. శాతం తగ్గించడానికి పారాఫ్రేజ్ టూల్‌లో వేసి పదాలు తిప్పేయడం మాత్రం చేయకండి. ఆలోచన వేరేవాళ్ళదైతే పదాలు మార్చినా వాళ్ళ పేరు ఉండాల్సిందే.

చాట్‌జీపీటీ లాంటివి వాడొచ్చా అంటే ముందు ఆ సబ్జెక్ట్ సార్‌నో మేడమ్‌నో అడగండి, సరే అంటే దేనికి వాడారో ఒక లైను రాయండి. అర్థం కానిది అడగడానికి అది బాగానే పనికొస్తుంది. రీడింగులు మాత్రం పుట్టించమనకండి. అది ఇచ్చిన రిఫరెన్స్‌లు ఒక్కొక్కటీ తెరిచి చూడండి, అసలు లేని పేపర్లని కూడా ఉన్నట్టే నమ్మకంగా ఇస్తుంది.

పరీక్షల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం సబ్జెక్ట్‌కి సంబంధించిన చీటీ మీ దగ్గరుంటే చాలు, వాడకపోయినా హాల్ నుంచి పంపేసి ఆ పేపర్ రద్దు చేస్తారు, ఇంకొకరి బదులు రాస్తే సీటే పోతుంది. ఫోన్ బ్యాగులో పెట్టి బయట వదిలేయండి.

ఇప్పటికే దించేసి ఉంటే? రిపోర్ట్‌లో రెండో చాప్టర్ ఎక్కడి నుంచో తెచ్చిందే అయితే? గైడ్ గదికి ఒంటరిగా వెళ్ళండి, ఫ్రెండ్స్‌ని వెంటేసుకుని కాదు. "సార్, రెండో చాప్టర్ నాది కాదు, తీసేసి మళ్ళీ రాస్తాను, వారం టైం ఇవ్వండి" అని చెప్పండి. కోప్పడతారు, మార్కులు కొంచెం పోవచ్చు. హార్డ్ బైండింగ్‌కి ఇచ్చేలోపు వెళ్ళండి.