నీడలో ఆకుల తోట – 4వ పాఠం: నత్తల పని పట్టడం

పోయిన పాఠంలో రంగురంగుల ఆకుల క్యాలేడియం దుంపలు పాతాం కదా, ఈపాటికి చాలామంది కుండీల్లో ఆకులు విచ్చుకుని ఉంటాయి. కొందరివి విచ్చుకునే సరికే చిల్లులు పడి ఉంటాయి. ఈ పాఠమంతా ఆ చిల్లుల గురించే.

దానికి ముందు హోస్టా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే "నీడలో పెరిగేదే కదండీ, మన దగ్గర ఎందుకు వేయకూడదు" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. హోస్టా జపాన్, కొరియా, చైనాల మొక్క. చలికాలంలో పైన ఆకంతా ఎండిపోయి, మట్టిలో మొదలు మాత్రం నిద్రపోతుంది, ఆ నిద్రకి వారాల తరబడి 5 డిగ్రీల లోపు చలి కావాలి. విజయవాడలో సంక్రాంతి ముందు తెల్లవారుజామున పదహారు, పదిహేడుకి దిగితేనే మనం మఫ్లర్లు తీస్తాం. మొదళ్లని ఫ్రిజ్‌లో పెట్టి లేపే మొండివాళ్లూ ఉన్నారు గానీ, అలా లేపినా రోహిణి కార్తెలో దాన్ని ఎక్కడ దాచిపెడతారు? ఇంకొకటి, ఆకు మీద తెల్ల చారలున్న హోస్టా రకాలు విత్తనం నుంచి అలాగే రావు, కాబట్టి ఆన్‌లైన్‌లో రంగురంగుల ఫొటో పెట్టి హోస్టా విత్తనాలు అమ్ముతుంటే డబ్బులు కట్టకండి. వేడి అంటే పడిచచ్చే క్యాలేడియం, కోలియస్ మనకి చాలు. చల్లటి దేశాల్లో హోస్టా పెంచేవాళ్ల టెన్షనూ మన టెన్షనూ ఒకటే అనుకోండి, నత్తలు.

ముందు దొంగ ఎవరో చూడాలి. పొద్దున్నే, ఎండ పడకముందే ఆకు దగ్గరికి వెళ్లి పక్కకి వంచి చూడండి. ఆకు మీద గానీ కుండీ అంచు మీద గానీ ఎండిన జిగురు చార మెరుస్తూ ఉంటే నత్తే. నల్లటి చిన్న చిన్న పెంటికలు ఉంటే గొంగళిపురుగు, ఆకుని అంచు నుంచి కొరుక్కుంటూ పోతే ఎక్కువగా మిడత. క్యాలేడియంలో ఇంకో గుర్తు కూడా ఉంది. కొత్త ఆకు గొట్టంలా చుట్టుకుని పైకి వస్తుంది, నత్త ఆ గొట్టానికి ఒక్క చోట కన్నం పెడితే చాలు, ఆకు విప్పుకున్నాక అదే కన్నం వరసగా మూడు నాలుగు చోట్ల కనబడుతుంది. ఆ వరస కనబడిందంటే తిన్నది ఈ రాత్రి కాదు, ఆకు ఇంకా చుట్టుకుని ఉన్నప్పుడే తినేసింది. అంటే కాపలా కాయాల్సింది లేత గొట్టాలకి, విచ్చుకున్న ఆకులకి కాదు.

మన దగ్గర ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి గుల్ల లేనిది, నల్లగా, చెప్పు ముక్కలా బల్లపరుపుగా, వీపు మధ్యలో సన్నటి లేత గీతతో ఉంటుంది. రెండోది పెద్ద ఆఫ్రికా నత్త, గోధుమరంగు చారల గుల్లతో, గుప్పెడంత దాకా పెరుగుతుంది. దీన్ని 1847లో మారిషస్ నుంచి కలకత్తాకి తెచ్చి తోటలో వదిలారు, ఆ తర్వాత దేశమంతా పాకింది. ప్రతి నత్తలోనూ ఆడా మగా రెండూ ఉంటాయి, ఒక్క విడతకే వందకి పైగా గుడ్లు పెట్టగలదు. ఎండాకాలంలో గుల్ల మూతిని మూసేసుకుని పడుకుంటుంది, మృగశిర చినుకులు పడగానే లేస్తుంది.

ఇక వేట. రాత్రి తొమ్మిది దాటాక టార్చి పట్టుకుని, చేతికి గ్లౌజు వేసుకుని వెళ్లండి. గ్లౌజు అసహ్యానికి కాదు. ఎలుకల ఊపిరితిత్తుల్లో ఉండే ఒక పురుగు పిల్లలు నత్తల్లో చేరతాయి, అవి మన కడుపులోకి పోతే మెదడు పొరలు వాచే జబ్బు రావచ్చు. పిల్లల్ని వాటితో ఆడనివ్వకండి, పక్కనే పాలకూర పెంచుకునేవాళ్లు బాగా కడిగి వండుకోండి. ఏరినవాటిని చిక్కటి ఉప్పునీళ్ల బకెట్లో వేయండి, తెల్లారాక గొయ్యి తీసి పాతిపెట్టండి. ఆ నీళ్లని మొక్కల్లో మాత్రం పోయకండి. ఉప్పుని నేరుగా కుండీల చుట్టూ చల్లేవాళ్లని చూశాను, మట్టి పాడవుతుంది, నత్త మిగులుతుంది.

రాత్రి ఓపిక లేనివాళ్లు గోనెసంచి తడిపి నేల మీద పరిచి, కింద బొప్పాయి ఆకులో, రైతుబజార్‌లో పారేసే క్యాబేజీ పైఆకులో పెట్టండి. పొద్దున ఎత్తితే అన్నీ అక్కడే ఉంటాయి.

పగలు ఎక్కడ దాక్కుంటాయో వెతకడం అంతకన్నా ముఖ్యం. కుండీ ఎత్తి అడుగు చూడండి, నీళ్లు పోయే కన్నంలో నల్లగా ముద్దలా ఒదిగి ఉంటుంది, కింద ప్లేటులో ఇంకొకటి. మట్టిలో సగ్గుబియ్యం గింజల్లాంటి గుడ్లు గుత్తిగా కనబడితే తీసి నలిపేయండి. గుంటూరు బ్రాడీపేట పాత ఇళ్లలో పెరటి కడప బండల సందులు, విజయవాడలో బందరు కాలువ, రైవస్ కాలువ పక్కన ఎప్పుడూ తడి ఆరని గ్రౌండ్ ఫ్లోర్ వరండాలు వీటికి అత్తారిళ్లు. కడియం నర్సరీల నుంచి వచ్చే నల్ల కవరు మొక్కల్ని కూడా కవరు విప్పి, మట్టి చూసి, అప్పుడే మిగతావాటి పక్కన పెట్టండి.

సాయంత్రం నీళ్లు పోసే అలవాటు మానేయండి. పొద్దున పోస్తే రాత్రికి పైమట్టి ఆరుతుంది, ఆరిన మట్టి మీద పాకడం వాటికి కష్టం. ఈ ఒక్క మార్పుకే సగం నష్టం తగ్గుతుందని నా నమ్మకం.

కుండీ చుట్టూ గుడ్డు పెంకులు, రాగి టేపు పెడితే నత్తలు రావని వీడియోలు చాలా ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2018లో ఈ రెంటినీ ఇంకొన్నిటినీ పరీక్షించి తేడా ఏమీ లేదని చెప్పింది. కాఫీ పిప్పి కూడా అంతే. హవాయిలో పరిశోధకులు 1–2 శాతం కెఫీన్ ద్రావణంతో నత్తల్ని చంపగలిగారు గానీ, మనం తాగే కాఫీలోనే అంత ఉండదు, ఇక పిప్పిలో ఏముంటుంది.

మందు వేయక తప్పదంటే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు పలచగా చల్లండి. అవి తిన్న నత్తలు మేత మానేసి, ఎక్కడో దాక్కుని కొన్ని రోజుల్లో పోతాయి, శవాలు కనబడలేదని ఇంకో గుప్పెడు వేయకండి. పురుగుమందుల కొట్లో మెటాల్డిహైడ్ గుళికలు ఇస్తారు, బాగానే పనిచేస్తాయి, కానీ కుక్క తింటే ప్రాణం మీదికి వస్తుంది. కుక్క ఉన్న ఇంట్లో, వీధి కుక్కలు దూరే సెల్లార్లో అది అసలు వద్దు.

ఈ వారం పని: ప్రతి కుండీ ఒకసారి ఎత్తి అడుగు చూడటం, ప్లేట్లు కడిగి ఆరబెట్టడం, నీళ్లు పొద్దుటికి మార్చడం. అయిదో పాఠంలో, ఆకులు వాలిపోతున్న క్యాలేడియం చచ్చిపోతోందా, నిద్రకి పోతోందా ఎలా తెలుసుకోవాలో, దుంపని తీసి ఎలా దాచాలో చూద్దాం.