ఐపీ పెట్టినా, సెటిల్‌మెంట్ అయినా: మళ్లీ కారు లోన్‌కు దారి

గుంటూరు జిల్లాలో చాలా ఏళ్లు బ్యాంకు లోన్ల సెక్షన్‌లో పనిచేశాను. వ్యాపారం దెబ్బతిని ఐపీ (దివాలా పిటిషన్) పెట్టినవాళ్లు, బాకీలో కొంత తగ్గించుకుని బ్యాంకుతో సెటిల్‌మెంట్ చేసుకున్నవాళ్లు మళ్లీ కారు లోన్‌కు వస్తే ముందుగా అడిగేది, "సార్, వడ్డీ ఎంత పడుతుంది?" అని. అది ఆఖరున చూసుకోవచ్చు. పాత అప్పు కాగితాల మీద సరిగ్గా మూసుకుపోయిందా లేదా అన్నది ముందు తేలాలి.

ఐపీ వేసినవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. మన దగ్గర మామూలు వ్యక్తుల ఐపీలు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద నడుస్తాయి. కోర్టు దివాలా ప్రకటించి ఇంకా డిశ్చార్జ్ ఉత్తర్వు (దివాలా నుంచి విడుదల చేసే ఉత్తర్వు) ఇవ్వకపోతే, 50 రూపాయలు, ఆపైన ఏ అప్పు తీసుకున్నా ఆ సంగతి ఇచ్చేవాళ్లకు ముందే చెప్పి తీరాలి. దాస్తే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. అందుకే ముందు లాయర్‌ని కలిసి డిశ్చార్జ్ సంగతి తేల్చుకోండి. ఉత్తర్వు వచ్చి ఉంటే సర్టిఫైడ్ కాపీ తీసి దగ్గర పెట్టుకోండి.

తర్వాత సిబిల్ రిపోర్టు, అంటే మీ అప్పుల చరిత్ర, దాన్నిబట్టి వచ్చే స్కోరు ఉండే కాగితం. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ రిపోర్టు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. స్కోరు ఒక్కటే చూసి పక్కన పెట్టకండి, ఒక్కో ఖాతా కింద ఏం రాశారో చదవండి. 'క్లోజ్డ్' అని ఉంటే బాధ లేదు. 'సెటిల్డ్' అంటే బ్యాంకు కొంత వదులుకుందని అర్థం. 'రిటన్ ఆఫ్', అంటే రాని బాకీగా బ్యాంకు రాసేసుకుందన్నది, అంతకంటే చెడ్డది.

తెనాలి నుంచి ఒక ఎరువుల వ్యాపారి వచ్చాడు. సెటిల్‌మెంట్ డబ్బు మొత్తం కట్టేసినా రిపోర్టులో ఇంకా బాకీ కనిపిస్తోంది. ఆయన చేతిలో సెటిల్‌మెంట్ లెటరూ, కట్టిన రశీదులూ ఉన్నాయి కాబట్టి బతికిపోయాడు. వాటితో ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ (తప్పు సరిచేయమనే ఫిర్యాదు) వేయించి, బ్యాంకుకు కూడా అర్జీ ఇప్పించాను. బాకీ సున్నా అయింది. ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని ఆర్బీఐ నిబంధన ఉంది. అర్జీలో ఆ మాట తప్పకుండా రాయండి.

చేతిలో డబ్బు ఆడుతుంటే, బ్యాంకు వదిలేసిన మొత్తం కూడా కట్టి 'సెటిల్డ్'ను 'క్లోజ్డ్'గా మార్పించుకోమని బ్యాంకును అడగవచ్చు. మారుస్తామని ముందు లెటర్ ఇచ్చాకే డబ్బు కట్టండి. నోటిమాట నమ్మకండి, మేనేజర్ రేపు బదిలీ అయిపోతాడు.

స్కోరు పెంచుకోవడానికి ఎఫ్‌డీ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు మంచి సాధనం. ఎఫ్‌డీ హామీగా ఉంటుంది కాబట్టి పాత చరిత్రను అంతగా పట్టించుకోరు. పెట్రోలుకో కరెంటు బిల్లుకో వాడండి. లిమిట్‌లో 30 శాతం దాటకండి. 'మినిమమ్ డ్యూ' కాకుండా బిల్లు మొత్తం గడువులోపు కట్టండి. ఏడాదైనా ఇలా నడవనివ్వండి.

కారు దగ్గరికొస్తే, షోరూమ్ ఏజెంటు మీ అప్లికేషన్‌ను నాలుగైదు చోట్లకు పంపుతానంటే ఒప్పుకోకండి. ప్రతి ఎంక్వైరీ రిపోర్టులో పడుతుంది, అవి ఎక్కువైతే స్కోరు తగ్గవచ్చు. మీ జీతం గానీ, వ్యాపార లావాదేవీలు గానీ నడిచే బ్యాంకుకే ముందు వెళ్లండి. డౌన్ పేమెంట్ వీలైనంత ఎక్కువ పెట్టండి.

సెకండ్ హ్యాండ్ కారుకు ఫైనాన్స్ తీసుకుంటుంటే వడ్డీ 'ఫ్లాటా, రెడ్యూసింగా' అని అడగండి. ఫ్లాట్ అంటే మొదట తీసుకున్న అసలు మొత్తం మీద చివరిదాకా వడ్డీ, రెడ్యూసింగ్ అంటే ఇంకా మిగిలిన అసలు మీదే వడ్డీ. 4 లక్షలు, 4 ఏళ్లు, 10 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 1,60,000. నెలకు కట్టాల్సింది దాదాపు 11,667. రెడ్యూసింగ్ లెక్కలో చూస్తే అది 17 శాతం దాటుతుంది! పది అని విని సంతకం పెట్టినవాళ్లను చూసి చాలా బాధపడ్డాను. ఏడాదికి నిజంగా పడే రేటును కాగితం మీద రాసిమ్మనండి.

లోన్ తీరాక ఎన్‌ఓసీ, ఫారం 35 (లోన్ తీరిందని చూపే పత్రాలు) తీసుకుని ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీ మీద హైపోథికేషన్ (కారు తాకట్టులో ఉందనే నమోదు) తీయించండి. నెలా రెండు నెలలాగి మళ్లీ రిపోర్టు తెరిచి, ఈ ఖాతా కింద 'క్లోజ్డ్' అని పడిందో లేదో చూసుకోండి.