ఆఫీస్ ల్యాప్‌టాప్ అప్పగించే ముందు సొంత డేటా తీసేయడం ఎలా?

ఉద్యోగం మానేసేవాళ్ళలో చాలామంది ఈ పని ఆఖరి రోజు సాయంత్రం, ఐటీ టీమ్ వాళ్ళు పక్కన నిలబడ్డాక మొదలుపెడతారు. రిజైన్ మెయిల్ పంపక ముందే చేయాలి. కొన్నిచోట్ల మెయిల్ వెళ్ళిన గంటల్లోనే లాగిన్ ఆపేస్తారు.

ముందు డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్ చూడండి. ఆధార్, పాన్ స్కాన్లు, హోమ్ లోన్ కాగితాలు, పిల్లల ఫొటోలు అక్కడే ఉంటాయి. పెన్‌డ్రైవ్ మాత్రం పెట్టకండి. అది పెట్టగానే అలర్ట్ వెళ్ళే ఆఫీసులున్నాయి. ఐటీ వాళ్ళకు చెప్పి, వాళ్ళు చూపించిన దారిలోనే తీసుకోండి. ఆఫీసు పనికి సంబంధించిన ఫైల్ ఒక్కటి కూడా చెరపకూడదు. ఇక వాట్సాప్: ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్ళి లాగౌట్ చేస్తే చాలు.

అసలు జాగ్రత్త పడాల్సింది క్రోమ్ దగ్గర. సొంత జీమెయిల్‌తో క్రోమ్‌లో సైన్ ఇన్ అయి సింక్ ఆన్‌లో ఉంటే, ఫోన్‌లోని పాస్‌వర్డ్‌లూ బుక్‌మార్కులూ ల్యాప్‌టాప్‌లోకి కూడా వచ్చేస్తాయి. ఆ స్థితిలో ఇక్కడ చెరిపింది ఫోన్‌లోనూ చెరిగిపోతుంది. మా తమ్ముడు అలాగే ఓపిగ్గా కూర్చుని ఒక్కొక్క పాస్‌వర్డే తీసేశాడు. సాయంత్రానికి ఫోన్‌లో ఒక్కటీ మిగల్లేదు. కరెంటు బిల్లు నుంచి బీమా దాకా అన్నీ రీసెట్ చేసుకోవడానికి వారం పట్టింది.

అందుకే ముందు సింక్ ఆపాలి, ఆ తర్వాతే చెరపాలి. సెట్టింగ్స్‌లో మీ ఖాతా దగ్గర సింక్ ఆపండి. ఫోన్ తెరిచి పాస్‌వర్డ్‌లు అలాగే ఉన్నాయో లేదో కళ్ళారా చూసుకోండి. ఉన్నాయంటేనే ల్యాప్‌టాప్‌లో ఆ క్రోమ్ ప్రొఫైల్ మొత్తాన్ని డిలీట్ చేయండి. ఒక్కొక్కటిగా తీస్తే ఏదో ఒకటి మిగిలిపోతుంది.

గూగుల్ డ్రైవ్ యాప్ ఉన్నా ఇదే వరస. ముందు ఖాతా డిస్‌కనెక్ట్ చేయాలి. తొందరపడి ఫోల్డర్ చెరిపితే క్లౌడ్‌లోనూ పోతుంది. ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది.

ల్యాప్‌టాప్ మొత్తం ఫార్మాట్ కొట్టి ఇచ్చేయమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. వినకండి. ఆఫీసు డేటా పోగొట్టారన్న మాట మీ మీదికి వస్తుంది. పైగా ఆఫీసు బ్యాకప్‌లోకి చేరిన మీ ఫైళ్ళు అక్కడే ఉంటాయి. ఇన్‌కాగ్నిటోలో పని చేసుకుంటే ఎవరికీ కనిపించదన్నదీ అపోహే. అది ఆ బ్రౌజర్‌లో హిస్టరీ మిగలకుండా చూస్తుంది, అంతే. మీరు ఏ సైట్లు తెరిచారో ఆఫీసు నెట్‌వర్క్‌కు తెలుస్తుంది. 2023 డేటా రక్షణ చట్టం కూడా ఉద్యోగ అవసరాలకు, సంస్థను నష్టం నుంచి కాపాడుకోవడానికి మన అనుమతి అడగకుండానే డేటా వాడుకునే వీలు యజమానికి ఇచ్చింది. బ్యాంకు పనులకు సొంత ఫోన్, సొంత మొబైల్ డేటా మాత్రమే వాడాలి.

చివరగా ఫోన్‌లో గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీ తెరవండి. 'మీ పరికరాలు' జాబితాలో ఆ ల్యాప్‌టాప్ ఇంకా కనిపిస్తే సైన్ అవుట్ చేయండి. తర్వాత జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి, అదీ ఫోన్‌లోనే.