తుఫానుల కాలానికి ముందు చెట్ల కొమ్మలు కొట్టించేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నంలోనూ, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ చెట్లను ఎలా కూల్చాయో చూసినవారు, ఇళ్ల మీదికీ తీగల మీదికీ వాలిన కొమ్మలను సెప్టెంబరులోగానే కొట్టించుకోవాలనుకోవడం సహజం. అయితే ఆ పనికి పిలిచిన మనిషి క్షేమంగా కిందికి దిగేలా చూడవలసిన బాధ్యత పని చేయించే ఇంటివారిది, అపార్ట్‌మెంటు సంఘానిది, గుత్తేదారుది. అందువల్ల కూలి మాట్లాడుకునేటప్పుడే జాగ్రత్తల సంగతీ మాట్లాడుకోవాలి.

అన్నిటికంటే ముందు చూడవలసింది కరెంటు. 11 కేవీ తీగలకు సాధారణంగా పైతొడుగు ఉండదు; తాకకపోయినా, బాగా దగ్గరికి వెళితేనే ప్రాణం పోవచ్చు. పచ్చి కొమ్మ, తడిసిన తాడు, తడి వెదురుగడ కరెంటును మోస్తాయి. కాబట్టి కొమ్మ తీగకు దగ్గరగా ఉన్నా, కోసినప్పుడు తీగ మీద పడే వీలున్నా, విద్యుత్ సంస్థ సిబ్బంది ఎల్‌సీ (లైను ఆపి పనిచేయడానికి ఇచ్చే ‘లైన్ క్లియర్’ అనుమతి) తీసుకుని, సరఫరా ఆపి, పరీక్షించి, పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్తింగ్ చేసి, ఎక్కవచ్చునని స్వయంగా చెప్పేవరకు ఎవరినీ చెట్టు ఎక్కనీయకూడదు. వీధిలో కరెంటు పోయింది కదా అని పని మొదలుపెట్టడం అతి ప్రమాదకరం. ఎవరింట్లోనో తప్పుగా కలిపిన జనరేటరు నుంచి కూడా ఆ తీగలోకి విద్యుత్తు వెనక్కి రావచ్చు.

తరువాత చెట్టును కింది నుంచే చుట్టూ తిరిగి పరిశీలించాలి. చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు, మానులో తొర్ర, వేళ్ల దగ్గర ఒకవైపు పగిలిన నేల కనిపిస్తే, పైన ఎంత పచ్చగా ఉన్నా ఆ చెట్టు ఎక్కకుండా లిఫ్టు వాహనం తెప్పించాలి. తేనెపట్టు, కందిరీగల గూడు ఉన్నాయేమో కూడా చూడాలి. తాడుతో కట్టుకున్న మనిషి వాటి నుంచి పారిపోలేడు.

నడుముకు చుట్టిన తాడు రక్షణ కాదు. ఐఎస్ 3521 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న పూర్తి శరీర హార్నెస్ (భుజాలకూ తొడలకూ కూడా బిగించే రక్షణ పట్టీలు), గడ్డం కింద బిగించిన హెల్మెట్, కళ్లద్దాలు తప్పనిసరి. రంపం పొరపాటున తాడును కోయవచ్చు గనుక, కోసేటప్పుడు రెండో తాడు కూడా కట్టుకోవాలి. చైన్‌సా (మోటారు గొలుసు రంపం) బ్లేడు కొస పైభాగం కొమ్మకు తగిలితే అది ఒక్కసారిగా మనిషి ముఖం మీదికి ఎగురుతుంది. అందుకే దాన్ని భుజం కంటే పైకి ఎత్తకూడదు, ఒంటిచేత్తో పట్టకూడదు. పైన సన్న కొమ్మలకు చేతిరంపమే మేలు.

బరువైన కొమ్మను పైనుంచి ఒకే కోతతో కోస్తే అది సగంలో విరిగి, మాను బెరడును చీల్చుకుంటూ, కోసేవాడి వైపే ఊగుతుంది. మానుకు కొంచెం దూరంగా ముందు కిందివైపు గంటు పెట్టి, దానికి కాస్త అవతల పైనుంచి కోసి బరువు దించాక, మిగిలిన మొండిని, కొమ్మ మానును కలిసేచోట ఉండే ఉబ్బుకు తగలకుండా కోయాలి. అలా కోస్తే చెట్టు గాయం కూడా త్వరగా మానుతుంది.

కొమ్మలు పడే చోటును తాడు కట్టి మూసి, పిల్లలూ బండ్లూ అటు రాకుండా ఒక మనిషిని నిలబెట్టాలి. ఎక్కి దించగల రెండో మనిషి కింద లేకుండా పని మొదలుపెట్టకూడదు. హార్నెస్‌లో స్పృహ తప్పి వేలాడే మనిషికి రక్తం కాళ్లలోనే నిలిచిపోయి నిమిషాల్లోనే ప్రాణాపాయం కలుగుతుంది. 108 వాహనం వచ్చేదాకా ఆగకుండా వెంటనే దించాలి.

గాలి పెరిగినా, చినుకులు మొదలైనా పని ఆపాలి. తుఫాను తరువాత పడిపోయిన చెట్లను కోయడం మరింత కష్టమైన పని. వంగి బిగుసుకున్న కొమ్మ కోయగానే విల్లులా తన్నుతుంది. మానును కోస్తే లేచి ఉన్న వేళ్లమోడు ఒక్కసారిగా గోతిలోకి తిరిగి పడుతుంది. ఆ పని శిక్షణ ఉన్నవారికే వదలాలి. తెగిన తీగ చెట్టుకు చిక్కుకుని ఉంటే దూరంగా ఉండి విద్యుత్ సంస్థ నంబరు 1912కు ఫోను చేయాలి.